నీరులేని ద్వీపము: బందరు బాట మీది చరిత్ర చిహ్నములు

ద్వీపమనగానే మనకు నీరు జ్ఞాపకము వచ్చును. చుట్టును నీరు, నడుమ కొంత నేల, ఆ నేల మీద ఒక ఊరు, ఊరిలో ఒక పాత వీధి, ఆ వీధి పొడవున ఒక కోటయో, గుడియో, ఓడల నాటి గిడ్డంగియో. ఇట్టి పట్టణములు సముద్ర తీర దేశములలో పెక్కు కలవు. మన తెలుగు దేశమున మాత్రము సముద్రమునకు చాల దూరముగా, రాచబాట మీద, ఒక వింత ద్వీపము ఉండెడిది. దాని చుట్టును నీరు లేదు. చుట్టును ఉన్నది వేరొక ప్రభుత్వము. ఆ ద్వీపము పేరు మునగాల పరగణా.

సూర్యాపేట నుండి కోదాడకు సుమారు 45 కిలోమీటర్లు. నేడు ఈ దారిని పోవు బస్సు గంట లోపల మునగాలను దాటి కోదాడ చేరును. కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి అచట ఒక రాజ్యము ముగిసి మరియొకటి మొదలైన జాడ ఏదియు కనిపించదు. కాని మన తాతల కాలమున ఆ కొద్దిపాటి దూరములోనే ప్రయాణికుడు నిజాము రాజ్యము విడిచి ఆంగ్లేయుల రాజ్యమున అడుగుపెట్టి, తిరిగి నిజాము రాజ్యమునకు వచ్చి, ఆ పిమ్మట మరల ఆంగ్లేయుల కృష్ణా మండలమును చేరెడివాడు. ఈ బాటను ఒక పొడవైన వీధిగా భావించి, దానికి ఇరు ప్రక్కల నిలిచిన చరిత్ర చిహ్నములను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, ఈ ద్వీపము ఎట్లు పుట్టినదో, ఎట్లు కరగిపోయినదో మనకు బోధపడగలదు.

ఈ వీధికి మొదటి చిహ్నము బాటకు కొంత ఉత్తరముగా, బిక్కేరు వాగు చెంత ఉన్న ఫణిగిరి. పాము పడగ వలె కనిపించు కొండ కావున ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. కొండ మీద బౌద్ధుల స్తూపము, చైత్య గృహములు, భిక్షువులు నివసించిన విహారములు బయల్పడినవి. నిజాము ప్రభుత్వపు పురావస్తు శాఖవారు 1940 తరువాతి సంవత్సరములలో ఈ స్థలమును గుర్తించినారు. 2001 తరువాత జరిగిన త్రవ్వకములలో అపురూపమైన తోరణపు దూలము, బుద్ధుని జీవిత ఘట్టములు చెక్కిన ఫలకములు లభించినవి. ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని 18వ పాలన సంవత్సరపు శాసనమొకటి ఇచట దొరకినది. అంతకు పూర్వము ఆ రాజు 11 సంవత్సరములు పాలించినట్లు మాత్రమే తెలిసియుండెను. రాజవైద్యుడొకడు ధర్మచక్రమును నిలిపిన సందర్భమున వేయించిన ఆ స్తంభ శాసనము వలన ఒక రాజు ఏలుబడి ఏడు సంవత్సరములు పెరిగినది. వైద్యుడు రోగుల ఆయువు పెంచుట మనమెరిగినదే. ఈ వైద్యుడు పదునారు వందల సంవత్సరముల పిమ్మట తన రాజు పాలనకే ఆయువు పోసినాడు.

2023లో ఫణిగిరి శిల్పములు న్యూయార్కు నగరపు మెట్రొపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడినవి. 2024 మార్చిలో అదే కొండ మీద ఒక మట్టి కుండ బయల్పడగా, దానిలో 3,730 సీసపు నాణెములు ఉన్నవి. ఒక ప్రక్క ఏనుగు, రెండవ ప్రక్క ఉజ్జయినీ చిహ్నము. సన్యాసుల కొండ మీద ఇన్ని నాణెములేల? బౌద్ధ విహారములు వర్తకుల బాటలకు చేరువలో వెలసెడివని చరిత్రకారులు చెప్పుదురు. బిడారులు ఆగుచోట విహారము, విహారమున్న చోట దానము, దానమున్న చోట నాణెము. కృష్ణా తీరపు విజయపురికిని, తూర్పు సముద్రపు రేవులకును, దక్కను పీఠభూమికిని నడుమ రాకపోకలు ఆనాడే ఉండెనని ఈ కుండ సాక్ష్యమిచ్చుచున్నది.

రెండవ చిహ్నము సూర్యాపేటకు అతి చేరువనున్న పిల్లలమఱ్ఱి. సూర్యాపేటకు భానుపురి యని పూర్వ నామము. నేడు పట్టణము పెద్దదై పల్లె చిన్నదైనది గాని, కాకతీయుల నాడు పేరెన్నిక గన్న ఊరు పిల్లలమఱ్ఱియే. కాకతీయులకు సామంతులైన రేచెర్ల రెడ్లలో ఒక శాఖవారు ఇచట నుండి పాలించినారు. నామిరెడ్డి నామేశ్వరాలయమును కట్టించి 1202లో శాసనము వేయించినాడు. బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ తన పేర ఎఱకేశ్వరాలయమును కట్టించినది. దాని శాసనము 1208 నాటిది. ముక్కంటీశ్వరాలయము, చెన్నకేశవాలయము కూడ ఈ ఊరనే కలవు. అద్దము వలె నునుపు దేర్చిన నల్లరాతి స్తంభములు, వాని మీద వెంట్రుక వాసి రేఖలతో చెక్కిన నగిషీలు చూచినవారు, ఓరుగల్లు, రామప్ప శిల్పులతో ఈ శిల్పుల చుట్టరికమును వెంటనే గుర్తింపగలరు. రామప్ప గుడిని కట్టించిన రేచెర్ల రుద్రుడు కూడ రేచెర్ల వంశమువాడే. ఆ గుడి 1213 నాటిది. అనగా ఎఱకసానమ్మ గుడి దానికంటె ఐదేండ్లు పెద్దది.

ఇచట ఒక్క విషయము గమనింపదగినది. కాకతీయుల కాలమున ఊరు కట్టుట యనగా మూడు పనులు కలసి జరిగెడివి. గుడి, చెరువు, ఊరు. గుడికి మాన్యము కావలెను. మాన్యము పండవలెనన్న నీరు కావలెను. నీటికి చెరువు, చెరువును కాపాడుటకు ఊరు. దేవునికిచ్చిన భూమికి ఎల్లలు చెప్పునపుడు శాసనములు చెరువులను, కాలువలను పేర్కొనుట అందువలననే. కావున గుడిముందటి శాసనపు రాయిని కేవలము భక్తి చిహ్నముగా చూడరాదు. అది ఆ ఊరి నేలకు, నీటికి వ్రాసిన దస్తావేజు కూడ. రేచెర్లవారు ఈ ప్రాంతముననే నాగులపాడులో కూడ 13వ శతాబ్దమున ఆలయములు కట్టించినారు. ఇక పిల్లలమఱ్ఱి పేరు ఇంటిపేరుగా గల పినవీరభద్ర కవి 15వ శతాబ్దమున జైమిని భారతమును సాళువ నరసింహునికి అంకితమిచ్చినాడు. శృంగార శాకుంతలము కూడ ఆయన రచనయే.

సూర్యాపేటకు పడమట నకిరేకల్లు చెంత చందుపట్ల యను గ్రామము కలదు. అచటి శాసనమొకటి ఈ వీధిలోని చిహ్నములన్నింటిలో చిన్నది, మనసును తాకుటలో పెద్దది. రాణి రుద్రమదేవి ఎప్పుడు, ఎట్లు మరణించినదో చాల కాలము చరిత్రకారులకు తెలియలేదు. చందుపట్ల శాసనము 1289 నవంబరు నాటిది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు చేరినారనియు, వారికి పుణ్యముగా పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథ దేవునికి భూమి ఇచ్చినాడనియు అందున్నది. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధమున ఆమె మరణించియుండునని పరిశోధకులు ఊహించినారు. మహారాజ్యమును ఏలిన రాణి అంత్యకాలమును లోకమునకు తెలిపినది ఆస్థాన కవి గాడు, మంత్రి గాడు. ఏలికల ఋణము తీర్చుకొనదలచిన ఒక బంటు.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున సముద్ర వర్తకులకు అభయ శాసనమిచ్చినాడు. ఓడ పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చినచో దానిని రాజు అపహరింపడని అందలి సారాంశము. ఓరుగల్లు నుండి సముద్రము వరకు ఉన్న బాటలకు ఇది ప్రాణము పోసినది. తరువాత కాలము మారినది. రేవు మోటుపల్లి నుండి మచిలీపట్టణమునకు, రాజధాని ఓరుగల్లు నుండి గోలకొండకు జరిగినవి. 17వ శతాబ్దమున డచ్చివారు, వారి వెనువెంట 1611లో ఆంగ్లేయులు బందరు రేవున దిగినారు. బందరు అద్దకపు వస్త్రములు ఒక వైపు, కొల్లూరు గనుల వజ్రములు మరియొక వైపు. గోలకొండకును బందరుకును నడుమ బాట బండ్లతో, ఎద్దులతో, పల్లకీలతో నిండిపోయినది. టావెర్నియరు, తెవెనో మొదలగు ఫ్రెంచి యాత్రికులు ఈ దేశమున సంచరించి తాము చూచినది వ్రాసిపెట్టినారు. 1639లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా స్వయముగా పరివారముతో బందరుకు ప్రయాణము చేసినాడు.

బాట అన్ని కాలములందును ఒక్కచోటనే ఉండలేదు. వాగులు పొంగినపుడు ఒక వైపునకు, గనుల వర్తకము హెచ్చినపుడు ఇంకొక వైపునకు జరిగినది. మూసీ మీద వంతెన లేని దినములలో వానకాలపు ప్రయాణము ఏరు దయ మీద ఆధారపడెడిది. సుల్తానుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. సముద్రపు ఉప్పును ఎద్దుల మీద పెరికెలుగా వేసికొని దక్కను నడిబొడ్డు వరకు మోసిన లంబాడీల పేర్లు మాత్రము ఏ రాతి మీదను లేవు. ఈ బాటను సంవత్సరమునకు సంవత్సరము త్రొక్కి త్రొక్కి బాటగా నిలిపినవారు వారే.

ఇక మన ద్వీపము. 1766లో నిజాము అలీఖాను ఉత్తర సర్కారులను ఆంగ్లేయ కుంపిణీకి ఒప్పగించినాడు. కలము పట్టి దేశమును పంచుకొన్నవారు నేల మీద నడచి గీత గీయలేదు. సర్కారుల లెక్కల పుస్తకములను బట్టి పంచుకొన్నారు. మునగాల పరగణా సర్కారుల లెక్కలో ఉన్నది గనుక కుంపిణీవారి భాగమునకు పోయినది. దాని చుట్టునున్న ఊళ్లు నిజాము భాగమున నిలిచినవి. అట్లే ఇదే బాట మీద, కృష్ణా మండలమున, నందిగామకు ఆవల పరిటాల యను ఊరు, దాని చుట్టునున్న మరి ఆరు గ్రామములు నిజాము భాగముగా మిగిలినవి. అవి వజ్రపు గనుల ఊళ్లు. గనులను నిజాము వదలుకొనలేదు. ఆ విధముగా ఒకే బాట మీద రెండు ద్వీపములు వెలసినవి. నిజాము నేల నడుమ ఆంగ్లేయుల మునగాల. ఆంగ్లేయుల నేల నడుమ నిజాము పరిటాల. రెండింటి యందును మాట ఒకటే, పంట ఒకటే, పండుగ ఒకటే. నాణెము వేరు, న్యాయస్థానము వేరు, తపాలా బిళ్ళ వేరు. మునగాల రైతు తన మండల కేంద్రమైన బందరుకు పోవలెనన్న ముందుగా పరదేశము దాటవలసియుండెను.

ఈ వింత ఏర్పాటు వలన కష్టములతోపాటు ఒక మేలు కూడ కలిగినది. మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. వారి కోట నడిగూడెమున కలదు. ఆయన వద్ద దివానుగా ఉన్నవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు. పంతులుగారు 1877లో ఇదే బాట ప్రాంతమున, పెనుగంచిప్రోలులో జన్మించినారు. నాగపురమున చదివి పట్టభద్రులైనారు. మరాఠీలో పండితులు. మహారాష్ట్రులు తమ భాషలో తమ చరిత్రను వ్రాసికొనుట చూచి, తెలుగువారికి అట్టిది లేదే యని బాధపడినవారు. అట్టివారికి చేతి నిండుగా పని, పనికి తగిన ప్రోత్సాహము నిచ్చు రాజు దొరకినారు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. దాని స్థాపకులలో లక్ష్మణరావు పంతులు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా ముఖ్యులు. ఉర్దూ అధికార భాషగా ఉన్న నగరమున తెలుగు పుస్తకమునకొక ఇల్లు దొరకినది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము, చిలుకూరి వీరభద్రరావు వ్రాసిన ఆంధ్రుల చరిత్రము మొదలగు గ్రంథములు ఈ మండలి ద్వారా తెలుగిండ్లకు చేరినవి. పిమ్మట పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, ఆ మహాకార్యము నడుమనే 1923లో అస్తమించినారు. తెలుగు దేశమున రెండు ప్రభుత్వముల క్రింద విడిపోయి ఉన్న ప్రజను ఒక్క చరిత్ర గల ప్రజగా తలపోయుట ఎంత కష్టమో ఊహింపుడు. ఒక కాలు మద్రాసు రాజధానిలోను, ఒక కాలు హైదరాబాదు రాజ్యములోను మోపి పనిచేయుటకు మునగాల వంటి తావు వారికి లభించుట వట్టి యాదృచ్ఛికమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. ఎల్ల మీద నివసించువానికి ఎల్లకు ఇరువైపుల ఉన్నది ఒకే నేల యని నిత్యము కనిపించుచుండును.

పింగళి వెంకయ్యగారు కూడ మునగాల సంస్థానమున కొంతకాలము ఉండి ప్రత్తి పంటను గూర్చి పరిశోధనలు చేసినారు. అందువలన పత్తి వెంకయ్య యను పేరు వారికి వచ్చినది. 1916లో వారు జాతీయ పతాకమును గూర్చి పుస్తకము ప్రచురించినారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల సమయమున పతాకపు నమూనాను గాంధీమహాత్మునికి అందజేసినారు. ఆ పతాకపు ఆలోచనకు నడిగూడెము కోటలోనే అంకురార్పణ జరిగినదని ఆ ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు.

ఐతే కోటకు రెండు వాకిళ్లు ఉండును. ఒక వాకిట పండితులు వచ్చి సత్కారము పొందుదురు. రెండవ వాకిట రైతులు నిలిచియుందురు. పుస్తకములకు అండగా నిలిచిన ఈ సంస్థానముననే 1930 తరువాతి సంవత్సరములలో రైతులు సంఘముగా ఏర్పడి, వెట్టిచాకిరికిని, అక్రమ వసూళ్లకును వ్యతిరేకముగా ఉద్యమము నడపినారు. సత్యాగ్రహములు జరిగినవి. చెఱసాలకు పోయినవారున్నారు. ఈ రెండు విషయములలో ఒకటి నిజము, రెండవది అబద్ధము కాదు. రెండును నిజములే. గ్రంథమండలికిచ్చిన ధనము ఎచటి నుండి వచ్చినదని అడుగు హక్కు ఆ పొలము దున్నినవానికి కలదు. ఆ గ్రంథములు చదివి, మాకు హక్కులున్నవని రైతుబిడ్డ తెలిసికొన్నచో, అది ఆ గ్రంథముల గొప్పతనమే. చరిత్ర చిహ్నమును చూచునపుడు దాని రెండు వాకిళ్లను చూడవలెను.

ద్వీపమునకు వెలుపల, నిజాము నేల మీద, కదలిక వేరొక రూపమున వచ్చినది. 1930లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్ర మహాసభ తొలుత భాష, పాఠశాలలు, గ్రంథాలయములు, చిన్న వర్తకుల ఇక్కట్లు వంటి విషయములను చర్చించెడిది. 1941లో కోదాడ, హుజూర్‌నగరముల నడుమ ఉన్న చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదవ సభ జరిగినది. అప్పటినుండి సభ స్వరము మారినది. వెట్టి, భూమి, కౌలు ముందునకు వచ్చినవి. 1946లో సాయుధ రైతాంగ పోరాటము ఆరంభమైనపుడు సూర్యాపేట, హుజూర్‌నగరము తాలూకాలు దానికి గుండెకాయలైనవి. ఆ పోరాటము 1951 అక్టోబరు వరకు నడచినది.

1948 సెప్టెంబరు 13. ఆనాటి ఉదయము బెజవాడ వైపు నుండి భారత సైన్యము ఈ బాట వెంటనే బయలుదేరినది. నిజాము అశ్వికదళపు కవచ వాహనములు అడ్డగించినను, ఉదయము ఎనిమిదిన్నర గంటలకు సైన్యము కోదాడను చేరినది. మధ్యాహ్నమునకు మునగాల చేరినది. సెప్టెంబరు 15న సూర్యాపేట వశమైనది. వెనుకకు తగ్గుచున్న నిజాము సేన మూసీ మీది వంతెనను పేల్చివేసినది గాని, దానిని కాపాడుకొనుటకు కాల్పుల అండ లేనందున అది త్వరలోనే బాగుపడినది. సెప్టెంబరు 17న నిజాము స్వయముగా దక్కన్ రేడియో కేంద్రమునకు వచ్చి తన ప్రకటనను ప్రజలకు వినిపించినాడు. రేడియో సెట్లున్న ఇండ్ల ముందు వీధి వీధి అంతయు గుమికూడిన దినమది. ఒక రాజవంశము రెండు శతాబ్దములకు పైబడి సాగించిన పాలన ముగిసిన వార్త, శాసనపు రాతి మీద కాక, గాలిలో తేలి వచ్చినది. ఆ దక్కన్ రేడియోయే 1950లో అఖిల భారత రేడియోలో లీనమైనది. పరిటాల ప్రజలు మాత్రము ఇంత వరకు ఆగలేదు. హైదరాబాదు విలీనమునకు ముందే వారు తమ ఏడు గ్రామములకు స్వాతంత్ర్యము ప్రకటించుకొని, దేశ చరిత్రలో తమ పేర ఒక చిన్న పుట వ్రాసికొన్నారు.

సంకెల తెగినను ముడి వెంటనే విడిపోలేదు. మునగాల 1953 వరకు మద్రాసు రాష్ట్రమున, పిమ్మట ఆంధ్ర రాష్ట్రమున, 1956 తరువాత ఆంధ్రప్రదేశమున ఉన్నది. 1959లో దానిని కృష్ణా జిల్లా నుండి తీసి నల్లగొండ జిల్లాలో కలిపినారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమున, 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో అది చేరినది. ఊరు కదలలేదు. పొలము గట్టు కదలలేదు. ఇల్లు మారకుండ ఒక మనుష్యుడు ఇన్ని చిరునామాలు వ్రాయవలసిన స్థలములు ఎన్ని ఉండును?

ఈ బాట నుండి దక్షిణమునకు తిరిగి మిర్యాలగూడ వైపు పోవుదము. మూసీ నది హైదరాబాదును, సూర్యాపేట సీమను దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. వాడపల్లికి వజీరాబాదని కూడ ఒకప్పుడు పేరు. సంగమము చెంత అగస్త్యేశ్వర స్వామి, లక్ష్మీ నరసింహ స్వామి ఆలయములు కలవు. నరసింహ స్వామి గర్భగుడిలోని రెండు దీపములలో ఒకటి నిశ్చలముగా ఉండుననియు, స్వామి ముఖము ఎత్తున ఉన్న రెండవది ఆయన ఊపిరికి రెపరెపలాడుననియు భక్తుల విశ్వాసము. సంగమపు రేవులు పూర్వము నదీమార్గమునకును, బాటలకును కూడలులు. అందుచేతనే గుడులు, ఊళ్లు అచట నిలిచినవి.

ఈ వాడపల్లికి ఎగువన, కృష్ణానదిలోనే, మనకు రెండవ రకపు ద్వీపము కనిపించును. 1926లో నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలములు గుర్తింపబడినవి. ఫణిగిరి శాసనములోని రుద్రపురుషదత్తుడు ఆ వంశపు రాజే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. లోయ మునిగిపోవునని తెలిసి 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆతురతతో త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని కొండ మీదికి తరలించి తిరిగి నిలిపినారు. 1966లో అచట మ్యూజియము వెలసినది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినారు. కొండ శిఖరము ద్వీపమైనది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరము, కోదాడ పొలములను తడిపినది. మెట్టపైరు పండిన చోట వరి పండినది. మిర్యాలగూడ వరి మిల్లుల పట్టణమై దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ఒక రాజధాని నీట మునిగి ఒక సీమకు అన్నము పెట్టినది. గుడి, చెరువు, ఊరు అను కాకతీయుల లెక్క ఇంత పెద్ద ఎత్తున తిరుగబడి వచ్చిన ఘట్టము వేరొకటి లేదు.

నాగార్జునకొండకు పడవలున్నవి, మ్యూజియమున్నది, వివరించి చెప్పువారున్నారు. నీటి నడుమ ద్వీపము కంటికి కనిపించును గనుక దానిని ఎవ్వరును మరువరు. మునగాల ద్వీపము అట్టిది కాదు. ఎల్లలు పోవుట మంచిదే. వాని కొరకు విచారింపవలసిన పని లేదు. ఐతే ఎల్ల ఉండినదన్న సంగతియు పోయినచో, దానిని చెరపివేయుటకు మన పెద్దలు పడిన పాట్లును వానితోనే పోవును. పిల్లలమఱ్ఱి గుడి ముందు రాయి ఉన్నది. చందుపట్లలో రాయి ఉన్నది. సేవకుడైన పువ్వుల ముమ్మడికి ఒక రాయి దొరకినది గనుక రాణి మరణము మనకు తెలిసినది. మునగాల సరిహద్దున సుంకపు నాకా దాటినవారికి, ఒక జేబులో హాలీ రూపాయి, ఇంకొక జేబులో కుంపిణీ రూపాయి పెట్టుకొని సంతకు పోయినవారికి, వెట్టికి ఎదురు నిలిచినవారికి అట్టి రాళ్లు లేవు. వారి చరిత్ర వారి నోటనే ఉన్నది. 1948 నాటికి పదేండ్ల పిల్లలైనవారు ఇపుడు ఎనుబది దాటినవారు.

కావున ఈ వ్యాసము చదువు కుటుంబముల వారికి ఒక మనవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మీకు బంధువులున్నచో, ఆ ఇండ్లలో వృద్ధులున్నచో, వారిని అడుగుడు. ఎల్ల ఎచట ఉండెడిది? దానిని దాటునపుడు ఎవరు అడ్డగించెడివారు? పెండ్లి ఒక రాజ్యమున, పుట్టిల్లు ఒక రాజ్యమున ఐనపుడు రాకపోకలు ఎట్లుండెడివి? వారు చెప్పినది వ్రాసికొనుడు. వీలున్నచో వారి కంఠముననే ధ్వనిముద్రణ చేసి దాచుకొనుడు. పొలములోనో, చెరువు కట్ట మీదనో చెక్కడపు రాయి కనిపించినచో దానికి సున్నము కొట్టక, గోడలో వేసి కట్టక, పురావస్తు శాఖవారికి తెలియజేయుడు.

నేడు పూనా నుండి మచిలీపట్టణము వరకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి ఈ పాత బాట మీదుగనే సాగుచున్నది. బండ్లు మారినవి, వేగము హెచ్చినది, సరకు మారినది. బాట మాత్రము ఇంకను బందరుకే పోవుచున్నది.